కాలయంత్రం ముందు కెమెరా

సైన్స్ ఫిక్షన్ దృశ్యంలో కెమెరా మీద పడే బరువు మామూలు కథా దృశ్యంలో పడదు. పెళ్ళిపందిరి ఎలా ఉంటుందో, రైల్వే ప్లాట్‌ఫారం ఎలా ఉంటుందో చూసేవారికి ముందే తెలుసు. చిత్రీకరణలో చిన్న లోపం ఉన్నా వారి అనుభవమే దాన్ని పూడ్చుకుంటుంది. కాలయంత్రాన్ని మాత్రం ఎవరూ చూడలేదు. అది ఎంత బరువుంటుంది, తలుపు తెరిస్తే ఏ చప్పుడవుతుంది, కదిలితే చుట్టూ దుమ్ము లేస్తుందా లేదా అన్నవన్నీ ఆ దృశ్యమే చెప్పుకోవాలి. అందుచేత ఇలాంటి దృశ్యాన్ని పరిశీలించేటప్పుడు అది ఎంత వింతగా ఉందన్నది మొదటి ప్రశ్న కాదు. ఆ వింత వస్తువు మీద పడిన వెలుతురూ, పక్కన నిలబడ్డ మనిషి మొహం మీద పడిన వెలుతురూ ఒకే చోటునుంచి వస్తున్నాయా అన్నదే మొదటి ప్రశ్న. ఆ పొత్తు కుదిరితే మిగతా లోపాలను కన్ను క్షమిస్తుంది. కుదరకపోతే ఎంత డబ్బు పోసినా ఆ యంత్రం రంగు పూసిన అట్టలాగే కనబడుతుంది.

కెమెరా పనిని విడదీసి చూడటానికి గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. కెమెరా ఏ ఎత్తున నిలబడింది, ఎవరి కళ్ళతో చూస్తోంది అన్నది ఒకటి. ఏ లెన్సు వాడారన్నది మరొకటి. వైడ్ లెన్సు దగ్గరి వస్తువును పెద్దది చేసి, వెనకనున్నదాన్ని దూరం నెడుతుంది. టెలి లెన్సు దూరాలను దగ్గరకు లాగి ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు చూపిస్తుంది. వెలుతురు ఎక్కడిది, ఏ రంగుది. కెమెరా ట్రాలీ మీద నెమ్మదిగా కదిలిందా, క్రేన్ మీద లేచిందా, చేతిలో పట్టుకుని తీశారా. ఒక షాటు ఎంతసేపు నిలిచింది, దేని తరవాత దేన్ని అతికారు. ఇవన్నీ ఏ సినిమాకైనా వర్తించేవే. సైన్స్ ఫిక్షన్‌లో వీటన్నిటినీ కలిపి ఒకే పనికి కట్టాలి: లేనిదాన్ని ఉన్నదని నమ్మించాలి.

తెలుగు తెరకు ఈ పని కొత్తది కాదు. లేని వస్తువును ఉన్నట్టు చూపడం ఇక్కడి కెమెరామన్లు పౌరాణికాలలోనే సాధన చేశారు. హైదరాబాదు తూర్పు అంచున, ఉప్పల్‌కు ఆనుకుని ఉన్న నాచారం పారిశ్రామికవాడగా పేరుబడ్డ చోటు. అక్కడి ఫ్యాక్టరీ షెడ్ల నడుమ సినిమావాళ్ళు నాచారం స్టూడియో అని పిలుచుకునే రామకృష్ణా స్టూడియో ఉంది. అది నందమూరి తారక రామారావు కుటుంబానిది. రామకృష్ణా సినీ స్టూడియోస్ పతాకం మీదనే 1977 సంక్రాంతికి దానవీరశూరకర్ణ విడుదలైంది. అందులో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు ముగ్గురూ రామారావే. ఒకే నటుడు ఒకే ఫ్రేములో రెండు చోట్ల కనబడటం ఆనాటి ప్రేక్షకులకు నటనా చమత్కారంగా తోచింది. కెమెరా వైపునుంచి చూస్తే అది లెక్కతో కూడిన కష్టం.

ఆ పద్ధతిని మాస్క్ షాట్ అంటారు. కెమెరాను కదలకుండా బిగిస్తారు. లెన్సు ముందు సగభాగాన్ని నల్లటి ముక్కతో మూసి, నటుడు ఒక వేషంలో ఒకవైపు నిలబడగా తీస్తారు. ఫిలిం సగమే వెలుతురు చూస్తుంది. తరవాత ఫిలింను మొదలుపెట్టిన ఫ్రేము దాకా వెనక్కి తిప్పి, ఈసారి తీసిన సగాన్ని మూసి, నటుడు రెండో వేషంతో రెండోవైపు నిలబడగా తిరిగి తీస్తారు. ఈ రెంటికీ నడుమ మేకప్ మార్పుకు గంటలు పట్టవచ్చు. ఆ గంటల్లో కెమెరా వెంట్రుకవాసి జరగకూడదు, దీపాల తీవ్రత మారకూడదు, నటుడి నీడ గీత దాటకూడదు. ఎదుట ఎవరూ లేకపోయినా రెండోవాడి కళ్ళున్న ఎత్తుకే చూపు నిలపాలి. ప్రతి ఫ్రేమునూ పిన్నులతో గట్టిగా పట్టి నిలిపే మిచెల్ కెమెరాకు స్టూడియోలలో అంత గౌరవం దక్కడానికి ఈ స్థిరత్వమే కారణం.

రామారావు దర్శకుడిగా తీసిన తొలి సినిమా, 1961 నాటి సీతారామ కల్యాణానికి కెమెరా పట్టినవాడు రవికాంత్ నగాయిచ్. పది తలల రావణుడిని పెద్దగా ఖర్చు లేకుండా, కెమెరాలోనే పలుమార్లు ఎక్స్‌పోజ్ చేసి చూపించిన పనితనం అతనిది. అంతకు నాలుగేళ్ళ ముందు 1957లో వచ్చిన మాయాబజార్‌కు మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణం చేశాడు. నౌకావిహారం పాటలోని వెన్నెల సహజమైన వెన్నెల కాదన్న సంగతి తెలిసినవారికి కూడా అది వెన్నెలగానే కనబడుతుంది. ఆ సినిమా దర్శకుడు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన యువకుడు సింగీతం శ్రీనివాసరావు. తెలుగు సైన్స్ ఫిక్షన్ ఎక్కడినుంచి వచ్చిందో ఈ ఒక్క సంగతి చెబుతుంది. ఘటోత్కచుడి మాయను కెమెరా ముందు నిజం చేసిన శిక్షణలోనుంచే కాలయంత్రమూ పుట్టింది.

అయితే పౌరాణికానికీ సైన్స్ ఫిక్షన్‌కూ కెమెరా నిలబడే చోటులో పెద్ద తేడా ఉంది. పౌరాణికంలో దేవుడు మాయమైతే ప్రేక్షకుడు కారణం అడగడు. కెమెరా నాటకం చూసే మనిషిలా ఎదురుగా కూర్చుని ఆ మహిమను నిండుగా చూపితే చాలు. సైన్స్ ఫిక్షన్ మాత్రం కారణం ఉందని మాట ఇస్తుంది. తీగ ఉంది, మీట ఉంది, అంకెల పలక ఉంది, నొక్కినందుకే కదిలిందని చెబుతుంది. కాబట్టి కెమెరా దగ్గరకు వెళ్ళాలి. వేలు మీటమీద పడటం, అంకె మారటం, మనిషి కళ్ళు పెద్దవి కావటం, ఆ తరవాతే యంత్రం కదలటం. కార్యకారణాలను వరసగా చూపే ఈ క్లోజప్‌లే దృశ్యానికి శాస్త్రం రంగు తెస్తాయి.

1991 జూలై 18న విడుదలైన ఆదిత్య 369 ఈ వరసను తెలుగువాళ్ళకు అలవాటు చేసిన సినిమా. సింగీతం శ్రీనివాసరావు దర్శకుడు, శివలెంక కృష్ణప్రసాద్ నిర్మాత, సమర్పణ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. కథకు ప్రేరణ 1895లో వచ్చిన హెచ్.జి. వెల్స్ నవల ది టైమ్ మెషీన్. ప్రొఫెసర్ రామదాసు తయారుచేసిన యంత్రంలో కృష్ణకుమార్, హేమ, వారితోపాటు ఒక కానిస్టేబులు 1526 నాటి విజయనగరానికి చేరతారు. అక్కడినుంచి 2504వ సంవత్సరానికి వెళతారు. రామారావు కుమారుడు బాలకృష్ణ కృష్ణకుమార్‌గానూ శ్రీకృష్ణదేవరాయలుగానూ రెండు పాత్రలు వేశాడు. దానవీరశూరకర్ణలో అభిమన్యుడిగా కనిపించిన బాలుడే ఇక్కడ తనకు తానే ఎదురుపడతాడు. తండ్రి కాలంలో కర్ణుడినీ దుర్యోధనుడినీ పక్కపక్కన నిలిపిన విద్యే ఆధునిక యువకుడినీ పదహారో శతాబ్దపు చక్రవర్తినీ ఒకే ఫ్రేములోకి తెచ్చింది.

ఈ సినిమాకు ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు. వర్తమాన కాలపు భాగం పి.సి. శ్రీరామ్ తీశాడు. ఆయన అనారోగ్యంతో తప్పుకోగా విజయనగర భాగం వి.ఎస్.ఆర్. స్వామి చేతికి వచ్చింది. భవిష్యత్తు భాగం కబీర్‌లాల్ తీశాడు. అవసరం కొద్దీ జరిగిన ఈ మార్పు సినిమాకు మేలే చేసింది. ముగ్గురివీ మూడు చూపులు. శ్రీరామ్ అప్పటికే నాయకన్, గీతాంజలి వంటి సినిమాలతో, కిటికీలోంచి ఒకే పక్కనుంచి పడే వెలుతురుకూ చీకటిని చీకటిగానే ఉంచే ధైర్యానికీ పేరు తెచ్చుకున్నాడు. స్వామి 1974లో అల్లూరి సీతారామరాజును సినిమాస్కోప్‌లో తీసిన మనిషి. పెద్ద సెట్టునూ జనసమూహాన్నీ వెడల్పుగా పరచి చూపడం ఆయనకు కొట్టినపిండి. ఒకే కథలో మూడు కాలాలు మూడు వేరు లోకాలుగా తోచడానికి సెట్టింగులూ దుస్తులూ ఎంత కారణమో, ఈ చూపుల తేడా అంత కారణం.

ఇందులో మొదట గమనించవలసింది వెలుతురు మూలం. వర్తమానంలో వెలుతురు కిటికీలదీ ట్యూబులైట్లదీ. విజయనగరంలో కరెంటు లేదు. ఎండ, దీపం, కాగడా తప్ప వేరే వెలుతురుకు అక్కడ చోటు లేదు. ఆ మూడూ పసుపు, నారింజ ఛాయల వైపు మొగ్గేవి. చర్మానికీ బంగారు నగలకూ రాతి స్తంభాలకూ ఒకే వెచ్చని రంగు పూసి కలిపేస్తాయి. 2504లో అణుయుద్ధం తరవాత రేడియేషన్ వల్ల మనుషులు భూగర్భంలో బతుకుతుంటారు. అక్కడ సూర్యుడే లేడు. వెలుతురంతా గోడలదీ యంత్రాలదీ కావాలి. నీడలు పలచబడతాయి, రంగు చల్లబడుతుంది, మొహాలమీద రక్తఛాయ తగ్గుతుంది. ఏ ఏడాదిలో ఉన్నామో చెప్పే అక్షరాలు తెరమీద పడకపోయినా చర్మం మీది రంగే ఆ సంగతి చెప్పగలుగుతుంది. సైన్స్ ఫిక్షన్‌లో రంగు కాలసూచిగా పనిచేయడమంటే ఇదే. ఇందులో సింగీతం, ఆయన ఛాయాగ్రాహకులు చూపిన నిగ్రహం గొప్పది. అప్పటికి కంప్యూటర్లో రంగు మార్చే సౌకర్యం తెలుగు సినిమాకు లేదు. లెన్సు ముందు ఫిల్టరు, దీపం ముందు రంగు జెలటిన్ కాగితం, ల్యాబులో ప్రింటు వేసేటప్పుడు చేసే సవరణ, ఇవే సాధనాలు.

రెండోది సాక్షి. వింతను నేరుగా చూపడం కన్నా దాన్ని చూసిన మనిషిని ముందు చూపడం బలంగా పనిచేస్తుంది. కాలయంత్రంలో కానిస్టేబులు పాత్రను ఎక్కించడం హాస్యం కోసమే అనిపించవచ్చు. దృశ్య నిర్మాణంలో అతని ఉపయోగం ఇంకా పెద్దది. ఆ పాత్ర వేసిన సుత్తివేలు బెదిరిన మొహం తెరమీద ఉన్నంతసేపూ ఆ రాజ్యం నిజంగా ఎదురుగా ఉన్నట్టే లెక్క. అతను లాఠీ, ఖాకీ బట్టలతో రాజభటుల మధ్య నిలబడితే ఒకే ఫ్రేములో రెండు శతాబ్దాలు కనిపిస్తాయి. ఏ ట్రిక్కూ లేకుండా, రెండు రకాల దుస్తులను పక్కపక్కన పెట్టి సాధించిన కాలప్రయాణమది. కెమెరా అక్కడ తెలివిగా మౌనంగా ఉండి, కంటి ఎత్తున నిలబడి చూస్తే చాలు. అనవసరంగా కదిలితే ఆ పొందిక చెదురుతుంది.

ఈ సినిమాను ఎక్కువ మంది పిల్లలు ఎరిగింది థియేటర్లో కాదు, టీవీలో. తెర మారితే దృశ్యమూ మారుతుంది. పాత టీవీ పెట్టె వెడల్పు నాలుగు వంతులైతే ఎత్తు మూడు వంతులు. వెడల్పుగా తీసిన దృశ్యాన్ని అందులో నిండుగా చూపాలంటే రెండు పక్కలా కోయాలి. జనసమూహం అంచులు, సెట్టు విశాలత ముందుగా పోయేవి అవే. పైగా సినిమా సెకనుకు 24 ఫ్రేములు, భారతీయ టీవీ విధానం 25 ఫ్రేములు. 24ను 25గా నడిపితే మొత్తం సినిమా నూటికి నాలుగు వంతులు ఎక్కువ వేగంతో ముందుకు పోతుంది, కంఠస్వరం కూడా కొద్దిగా హెచ్చుతుంది. 2025 ఏప్రిల్ 4న ఆదిత్య 369ను 4కె నాణ్యతతో మళ్ళీ థియేటర్లకు తెచ్చినప్పుడు, టీవీ తరానికి ఆ సినిమా అంచులూ నీడల లోతూ మొదటిసారి పూర్తిగా చూసే వీలు కలిగింది.

టెలివిజన్ కోసమే తీసిన సైన్స్ ఫిక్షన్‌ది వేరే క్రమశిక్షణ. చిన్న తెర, తక్కువ డబ్బు, వారం వారం గడువు. బీబీసీలో 1963 నవంబరు 23న మొదలైన డాక్టర్ హూలో నీలిరంగు పోలీసు పెట్టె ఉన్నట్టుండి ప్రత్యక్షమవుతుంది. కెమెరాను బిగించి, ఖాళీ చోటును ఒకసారి, పెట్టె ఉన్న చోటును ఒకసారి తీసి, ఒకదానిలోంచి మరొకదాన్ని నెమ్మదిగా తేలేటట్టు కలుపుతారు. నారదుడు ప్రత్యక్షమయ్యే విధానమూ అక్షరాలా ఇదే. అదే ధారావాహికం పేర్లు పడేటప్పుడు కనిపించే తెల్లటి అలలను, వీడియో కెమెరాను దాని సొంత మానిటరు వైపు తిప్పి సృష్టించారు. యంత్రం తన్ను తాను చూసుకుంటే వచ్చే బొమ్మ అది. 1966లో అమెరికాలో మొదలైన స్టార్ ట్రెక్‌లో మనుషులు మెరుపు చుక్కలుగా కరిగి వేరేచోట తేలతారు. వెలుతురులో పడుతున్న అల్యూమినియం పొడిని తీసి, నటుడి ఆకారంలోకి కోసి అతికించిన పని అది. ప్రతి వారం నౌకను నేల మీద దించి చూపే ఖర్చు భరించలేక పుట్టిన ఉపాయమే ఆ కార్యక్రమానికి గుర్తుగా నిలిచిపోయింది. నౌక కుదుపుకు లోనైనప్పుడు సెట్టు కదలదు. కెమెరాను పక్కకు వంచుతారు, నటులందరూ ఒకేసారి ఒక పక్కకు తూలుతారు.

2003లో కొత్తగా వచ్చిన బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా దీనికి తలకిందుల దారి పట్టింది. కెమెరాను చేతిలో పట్టుకుని, యుద్ధరంగంలో వార్తలు తీసే మనిషి వెతుక్కున్నట్టు తీశారు. అంతరిక్షంలో నౌకలు ఎగిరే షాట్లు పూర్తిగా కంప్యూటరువే అయినా, వాటిలో కూడా కెమెరా ఆలస్యంగా తిరుగుతుంది, గబగబా జూమ్ అవుతుంది, ఫోకస్ తప్పి మళ్ళీ దొరుకుతుంది. అక్కడ నిజంగా ఒక కెమెరామన్ ఉన్నాడన్న భ్రమ కలగడంతో నౌక కూడా నిజమైపోతుంది. టెలివిజన్ సైన్స్ ఫిక్షన్ కనిపెట్టిన ఉపాయాలన్నిటిలో ఇది అన్నిటికన్నా లోతైనది.

తెలుగు టీవీ సీరియల్ వ్యాకరణం దీనికి చాలా దూరంలో ఉంది. నాచారం వంటి స్టూడియో ప్రాంగణాలలో, అద్దె బంగళాలలో రోజుకు ఇన్ని నిమిషాలు తీయాలన్న లెక్కతో పని సాగుతుంది. ఏ కెమెరా ఎటు తిరిగినా పనికొచ్చేటట్టు గదంతా సమంగా వెలిగిస్తారు. నీడ ఉండదు. ఒక మాట పడగానే ఒక్కొక్కరి మొహం మీదికి జూమ్ వెళుతుంది, కొన్నిసార్లు ఒకే మొహం మీదికి మూడుసార్లు. కుటుంబ కథలో ఈ పద్ధతికి ప్రేక్షకుడు అలవాటుపడ్డాడు, అక్కడ అది పనిచేస్తుంది కూడా. ఇదే వెలుతురును సైన్స్ ఫిక్షన్ దృశ్యానికి వాడితే యంత్రం తేలిపోతుంది. సమమైన వెలుతురు సెట్టులోని ప్లైవుడ్డు అతుకులను, పూసిన వెండి రంగును దాచదు. సగం చీకటిలో ఉంచితే ప్రేక్షకుడి ఊహే మిగతా సగాన్ని కడుతుంది. సీరియల్ యూనిట్లకు నైపుణ్యం కొరత లేదు. దీపాలు ఆర్పే తీరిక వారికి దొరకడం లేదు.

సెట్టు లేకుండానే భవిష్యత్తును తీయవచ్చునని చూపినవారూ ఉన్నారు. 1965లో ఫ్రెంచి దర్శకుడు గొదార్ ఆల్ఫావిల్ కోసం ఏ సెట్టూ వేయకుండా అప్పటి పారిస్‌నే, రావుల్ కుతార్ కెమెరాతో వేరే గ్రహపు నగరంగా చూపాడు. తార్కోవ్‌స్కీ 1972 నాటి సొలారిస్‌లో భవిష్యత్ నగరంగా కనిపించే పొడవైన కారు ప్రయాణం టోక్యో ఎక్స్‌ప్రెస్ రోడ్ల మీద తీసినది. ఉన్న ఊరునే రాబోయే ఊరుగా మార్చే ఈ పద్ధతికి ఉప్పల్ మంచి ఉదాహరణ కాగలదు. నాగోల్ నుంచి ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ మీదుగా సాగే మెట్రో వంతెన మీద రైళ్ళు 2017 నవంబరులో మొదలయ్యాయి. ఉప్పల్ కూడలిలో పాదచారుల కోసం కట్టిన స్కైవాక్‌ను 2023 జూన్‌లో తెరిచారు. మామూలు ఎత్తున, మధ్యాహ్నం పూట తీస్తే అక్కడ కనిపించేది ఆటోలు, బస్సులు, వరంగల్ వెళ్ళే రద్దీ, దుకాణాల బోర్డులు. కెమెరాను నేలకు దించి వైడ్ లెన్సుతో పైకి చూపితే స్కైవాక్ వంపు ఆకాశాన్ని కోసినట్టు నిలుస్తుంది. దూరంగా వెళ్ళి టెలి లెన్సు పెడితే మెట్రో స్తంభాలు సందు లేకుండా ఒకదాని వెనక ఒకటి పేరుకుని కొత్త లోకపు గోడలా కనబడతాయి.

వేళ ఇంకా ముఖ్యం. సూర్యుడు అస్తమించాక ఆకాశం ముదురు నీలంగా ఉండే కొద్ది నిమిషాలలో మెట్రో బోగీ కిటికీల వెలుతురూ ఆకాశపు వెలుతురూ దాదాపు సమానమవుతాయి. అప్పుడు రైలు వెలుగు గీతలా జారుతుంది, కింద రోడ్డు చీకటిలో కలుస్తుంది, కాలాన్ని పట్టించే బోర్డులు కనబడవు. క్రికెట్ మ్యాచ్ ఉన్న రాత్రి స్టేడియం ఫ్లడ్‌లైట్లు తోడైతే ఆ వెలుతురుకు మూలం ఫ్రేము బయటే ఉండిపోతుంది. భవిష్యత్ నగరానికి కావలసింది అదే. ఇక్కడ ఛాయాగ్రాహకుడు చేర్చేది దాదాపు ఏమీ లేదు; అతని కళంతా ఫ్రేము అంచున దేన్ని వదిలేయాలో తెలియడంలోనే ఉంది.

2024 జూన్ 27న వచ్చిన కల్కి 2898 ఏడీ ఇందుకు భిన్నంగా అంతా కట్టి, అంతా కలిపి చూపింది. దర్శకుడు నాగ్ అశ్విన్, ఛాయాగ్రాహకుడు సెర్బియాకు చెందిన జోర్జె స్టోయిలికోవిచ్. అందులోని బుజ్జి అనే వాహనాన్ని కంప్యూటరుకు వదిలేయకుండా నిజంగానే తయారుచేయించారు. మహీంద్రా ఇంజనీర్లు, కోయంబత్తూరుకు చెందిన జయం సంస్థ కలిసి చేసిన ఆ బండి బరువు సుమారు 6 టన్నులు. ఆ ఖర్చుకు ఫలితం తెరమీద కనిపిస్తుంది. నిజమైన ఇనుము మీద నిజమైన దుమ్ము పడుతుంది, మలుపులో బండి ఒరుగుతుంది, పక్కన నిలబడ్డ నటుడి చొక్కా మీద దాని దీపపు రంగు పడుతుంది. కంప్యూటరు చిత్రకారులు వెనకటి నగరాన్ని గీసేటప్పుడు కొలవడానికి వారికి ఒక ఆధారం దొరుకుతుంది. కట్టిన వస్తువుకూ గీసిన వస్తువుకూ అతుకు కనబడని చోట్ల ఆ సినిమా అద్భుతంగా ఉంది.

అదే వాహనం ముందుగా టీవీ తెరకే పరిచయమైంది. బుజ్జి అండ్ భైరవ అనే యానిమేషన్ ధారావాహికం 2024 మే 31న ప్రైమ్ వీడియోలో రెండు భాగాలుగా వచ్చింది. యానిమేషన్‌లో కెమెరా అనే వస్తువే ఉండదు. ట్రాలీ పట్టాలు అక్కర్లేదు, గోడలోంచి దూరిపోవచ్చు, చీమ ఎత్తునుంచి మేఘం ఎత్తుకు ఒక్క షాటులో వెళ్ళవచ్చు. అడ్డు లేనప్పుడు చూపుకు కుదురుండదు. అందుకే ఈ రంగంలో చేయి తిరిగినవారు లేని కెమెరాకు కావాలనే హద్దులు పెడతారు. ఒక లెన్సును ఎంచుకుని సన్నివేశమంతా దానికే కట్టుబడతారు. వాహనం దూసుకుపోతే దాని వెంట చూపు కొద్దిగా వెనకబడేటట్టు చేస్తారు. దీపం ఎదురైతే గాజు మీద పడినట్టు మెరుపు మరకను చేరుస్తారు. మాస్క్ షాట్ కోసం గంటల తరబడి కెమెరాను కదలకుండా కాపాడిన రోజుల్లో పనివాళ్ళు తొలగించాలని పాటుపడ్డ చిన్న కుదుపును, ఈనాటి చిత్రకారులు లెక్కకట్టి తిరిగి ఫ్రేములోకి తెస్తున్నారు.